నాయన హంసపాదు, నా ఇన్సర్ట్ మీట

నా కీబోర్డు మీద కుడిచేతి వైపు పైవరసలో ఒక మీట ఉంది. దాని మీద ఇన్సర్ట్ అని రాసి ఉంటుంది. కంప్యూటరు ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో మొన్నటిదాకా కావాలని దాన్ని ఒక్కసారి కూడా నొక్కిన పాపాన పోలేదు. అయినా అది నన్ను ఏడిపించని నెల లేదు. ఎక్కడో మాట ఒకటి వదిలేశానని గుర్తొచ్చి, వాక్యం నడుమకు పోయి టైపు చేయడం మొదలుపెడతాను. కొత్త అక్షరం పడుతుంది, ముందున్న పాత అక్షరం మాయమవుతుంది. ఇంకోటి కొడితే ఇంకోటి పోతుంది. 'ఇల్లు' ముందర 'పెద్ద' అని చేర్చబోతే పెద్ద మిగిలి ఇల్లు పోయింది ఒకసారి. మొదట్లో నా చూపు తప్పేమో అనుకుని కళ్లజోడు తుడుచుకున్నాను. తర్వాత కీబోర్డు తుడిచాను. ఆ తర్వాత కంప్యూటరును ఆపేసి, టీ పెట్టుకుని తాగి, మళ్లీ వేశాను. అప్పుడు బాగానే పనిచేసింది. ఎందుకు చెడిందో తెలియలేదు, ఎందుకు బాగయిందో అదీ తెలియలేదు. నా బతుకులో చాలా సంగతులు ఇట్లాగే జరిగాయి కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

ఈ యంత్రాన్ని నాకు అంటగట్టినవాడు ఆత్మకూరులో డీటీపీ దుకాణం నడిపే ఖాదరు. ఏడో తరగతిలో నా దగ్గర చదివాడు. ఇప్పుడు మనవరాలిని ఎత్తుకుని తిరుగుతున్నాడు గానీ నా ముందర ఇంకా చేతులు కట్టుకునే నిలబడతాడు. ఫోన్ చేసి నా బాధ చెప్పుకుంటే నవ్వాడు. "టీచరమ్మా, నువ్వు ఆ ఇన్సర్టు బటను నొక్కినావు" అన్నాడు. "నేను నొక్కలేదు ఖాదరూ" అన్నాను. "నువ్వు నొక్కకుండా అది యాడ నొక్కుకుంటాది?" అన్నాడు. నలభై ఏళ్లు పిల్లలతో ఇదే మాట నేను అనేదాన్ని, ఇప్పుడు వాడు నాకు అప్పజెబుతున్నాడు. ఖాదరుకు ఆ మీటంటే ప్రాణం. షిఫ్టు పట్టుకుని దాన్ని కొడితే కాపీ చేసింది వచ్చి పడుతుందట, కంట్రోలు పట్టుకుని కొడితే కాపీ అవుతుందట. వాడి ఉస్తాదు అట్లా నేర్పాడు, వాడు అట్లాగే చేస్తాడు, లోకమంతా ఇంకోరకంగా చేస్తోందని చెబితే వినడు. కర్నూలు పాతబస్తీలో పెళ్లిపత్రికలు కొట్టే ఇంకొకాయన ఆ మీటను స్క్రూడ్రైవరుతో పెకలించి పారేశాడు. ఆ చోట ఇప్పుడు చిన్న గుంత, గుంతలో దుమ్ము. మా పక్కింటి అమ్మాయి బ్యాంకులో పొద్దస్తమానం కీబోర్డు ముందరే కూర్చుంటుంది. "అలాంటిదొకటి ఉందా ఆంటీ?" అని నన్నే అడిగింది.

నేనింత వయసులో టైపు చేయడం ఎందుకంటే, మా ఊరి చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి. నల్లమల అంచున, ఆత్మకూరు నుంచి బస్సు దిగి నడిచిపోవలసిన ఊరు మాది. నూరేళ్ల పండుగకు పుస్తకం వేస్తామని, అందులో మొదటినుంచీ సంఘంలో ఉన్న కుటుంబాల పేర్లన్నీ అచ్చు వేస్తామని, పండుగనాడు ఆ పుస్తకం చూసి పేర్లు చదువుతామని ఇప్పటి అయ్యగారు నిర్ణయించారు. పేర్ల పుస్తకాన్ని గుడ్డలో చుట్టి కర్నూలులో నా ఇంటికి పంపించారు. "ఉపదేశిగారి కూతురివి, ఆయన రాత నీకే అర్థమవుతాది" అన్నారు ఫోనులో. ఆ చర్చిలో ఆరాధన నడిపి, పుస్తకం రాసిన ఉపదేశి మా నాయనే. అది నాయన రాత కాదని, పన్నెండేళ్లప్పుడు నేను రాసిన రాతేనని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. గుడ్డ విప్పగానే వేపాకు వాసన, పాత ఇంకు వాసన, దాని వెనక ఎక్కడో కిరసనాయిలు వాసన వచ్చాయి. పుస్తకం తెరవకుండానే చాలాసేపు కూర్చున్నాను.

మాది మట్టి మిద్దె. కింద నాపరాళ్లు పరిచి ఉండేవి, పైన దూలాల మీద చౌడు మట్టి. మిద్దె నడుమ వెలుతురు కోసం విడిచిన గవాచి ఒకటి. అందులోంచి ఎండ చాపంత చదరంగా నేల మీద పడేది. నాయన ఆ ఎండలోనే రాసేవాడు. ఆదివారం ఆరాధన అయిపోయి, జొన్నరొట్టె, చెనిగ్గింజల కారెం తిని, ఇనపపెట్టెను ఎండ ముక్క పక్కకు లాక్కుని, దానిమీద సంఘం పుస్తకం పెట్టుకుని కూర్చునేవాడు. ఎండ జరిగే కొద్దీ పెట్టెను జరుపుకునేవాడు. పొయ్యిగడ్డ దగ్గర మొదలుపెడితే సాయంత్రానికి గాదె దాకా వచ్చేవాడు. పెట్టె జరిగినప్పుడల్లా నాపరాయి మీద గీరుకుని కర్రుమనేది, అమ్మకు పళ్లు జివ్వుమనేవి. "లాంతరు ముట్టించుకోని రాయరాదా, నా ప్రాణం తీస్తాండావు" అనేది. "దేవుని ఎండ ఉండంగ కిరసనాయిలు యాల కాల్చేది?" అనేవాడు నాయన. ఇంకు బిళ్లను నీళ్లలో కరిగించి నాలుకతో చూసేవాడు, ఎంత చిక్కగా ఉందో. ఆదివారం సాయంత్రం మా నాయన నాలుక నీలంగా ఉండేది. మిగతా ఊళ్లలో ఉపదేశులకు కూడా అట్లాగే ఉంటుందని పెద్దయ్యేదాకా అనుకున్నాను.

రాతలో ఆయనకొక కట్టడి ఉండేది. రాసినదాన్ని కొట్టెయ్యకూడదు, బ్లేడుతో గీకకూడదు. ఏదైనా వదిలిపోతే రెండు మాటల నడుమ కింద చిన్న హంసపాదు పెట్టి, వదిలిపోయినది పైన రాయాలి. పక్షి కాలి ముద్రలాంటి ఆ గుర్తు ఆయన పుస్తకం నిండా ఉండేది. "అచ్చరాలు గూడా మనుషుల మాదిరే. ఉన్నోళ్లను లేపగూడదు, వచ్చినోళ్లను నిలబెట్టగూడదు" అనేవాడు. చర్చిలోనూ ఆయన పని అదే. అప్పట్లో బెంచీలు లేవు, ఈతచాపల మీద కూర్చునేవాళ్లం. ఎవరైనా ఆలస్యంగా వచ్చి గుమ్మంలో తటపటాయిస్తుంటే, నాయన పాట ఆపకుండానే చేత్తో సైగ చేసేవాడు. పాట అయిపోయాక నోటితో కూడా అనేవాడు. "జరగండమ్మా, జరగండి." చాప మీద అందరూ పిర్రలు ఎత్తి జానెడు జానెడు జరిగేవాళ్లు. ఎవరూ లేచేవాళ్లు కాదు. వచ్చినవాళ్లకు చోటు వచ్చేది.

సలోమి అట్లా వచ్చిన మనిషే. నేను పుట్టకముందు సంగతి, అమ్మ చెప్పగా విన్నాను. చెనిక్కాయలు పెరకడానికి పడమటి నుంచి కూలీల గుంపు ఒకటి మా ఊరికి వచ్చింది. అందులో ఒకామె జ్వరంతో పోయింది. గుంపు ఇంకో ఊరికి కదిలింది, ఆమె బిడ్డ మాత్రం దేవదానం మామ చేను గట్టు మీద మిగిలింది. మూడేళ్లుంటాయేమో. మామ భార్య రూతమ్మత్త ఆ బిడ్డను చంకనేసుకుని ఇంటికి తెచ్చి తలస్నానం చేయించింది. ఎవరినీ అడగలేదు. మామ ఏదో అనబోతే, "నోరు మూసుకో, గంజి తాగే నోరు ఇంకోటి వచ్చింది, అంతే" అందట. వాళ్లకు అప్పటికే ముగ్గురు పిల్లలు. దానియేలు, యోహాను, ఎస్తేరు. బాప్తిస్మం ఇచ్చి సలోమి అని పేరు పెట్టాక, పేరు ఎక్కడ రాయాలనే మాట వచ్చింది. మామ ఎస్తేరు తర్వాత చివర రాయమన్నాడు. నాయన ఒప్పుకోలేదు. ఆమె వయసు చూస్తే దానియేలుకు చిన్న, యోహానుకు పెద్ద. "చివర రాస్తే చేర్చుకున్నట్టు ఉంటాది దేవదానం. నడుమ రాస్తే పుట్టినట్టు ఉంటాది" అన్నాడు. దానియేలుకూ యోహానుకూ నడుమ కింద హంసపాదు పెట్టి, పైన సలోమి అని రాశాడు. ఈ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకునేవాళ్లమో లెక్కలేదు. సలోమి మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ చెప్పేది, ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది.

నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద సలోమక్క. నాకు జడలు వేసేది, పేలు చూసేది, వాగులో ఈత నేర్పబోయి దాదాపు ముంచేసింది. చర్చిలో ఆమె ఎప్పుడూ ఆలస్యమే, ఎనుముకు నీళ్లు పెట్టి వచ్చేది కదా. నాయన జరగమనే దాకా యోహాను ఆగేవాడు కాదు. అక్క చెప్పులు విడుస్తున్న చప్పుడు వినబడగానే వాడు జరిగేవాడు, వాడితోపాటు వరసంతా జరిగేది.

నాకు పన్నెండేళ్లప్పుడు పెట్టెలోకి చెదలు ఎక్కాయి. సంఘం పుస్తకం అంచులు తినేశాయి. నాయన కొత్త పుస్తకం తెప్పించాడు. వేసవి సెలవులు. ఆయనకు అప్పటికే చెయ్యి వణుకుతుండేది. "నీ రాత ముత్యాల మాదిరి ఉంటాది పాపా, నువ్వు ఎత్తి రాయి" అన్నాడు. నాకు గర్వం తలకెక్కింది. ఎండ ముక్క పక్కన పెట్టె జరుపుకుంటూ నెలరోజులు నేనే రాశాను. నాలుకతో ఇంకు కూడా చూశాను. కొత్త పుస్తకంలో ఒక్క మరక ఉండకూడదని, ఒక్క హంసపాదు ఉండకూడదని నా పట్టుదల. పాత పుస్తకంలో పైన రాసిన మాటలన్నీ వరసలోకి దించి రాశాను. అన్నీ దించాను, సలోమి పేరు తప్ప.

ఎందుకు దించలేదు? ఎంత తవ్వుకున్నా నాకు తెలియదు. ఆ మూల చెదలు తిని పేరు సగమే కనబడింది, అందుకని వదిలానేమో. అంతకు ముందు రోజు ఆమె నన్ను అందరి ముందరా ఎగతాళి చేసింది, ఆ కోపమేమో. అమ్మ రొట్టె తినడానికి పిలిస్తే లేచిపోయి వచ్చి, ఎక్కడ ఆపానో మరిచి తర్వాతి పేరు నుంచి మొదలుపెట్టానేమో. మూడూ నిజమే అనిపిస్తాయి, మూడూ నేను తర్వాత అల్లుకున్నవే అనిపిస్తాయి. ఒకటి మాత్రం గుర్తుంది. పేజీ అయిపోయాక చూసుకుంటే ఎక్కడో ఏదో తక్కువైనట్టు అనిపించింది. పేజీ శుభ్రంగా ఉంది కదా అని తిప్పేశాను. పాత పుస్తకం ఆ వానాకాలానికే పొడి పొడి అయిపోయింది.

ఇంకో తికమక ఏమిటంటే, మా ఊళ్లో కోతపండుగ నాడు కుటుంబాల పేర్లు చదివేవాళ్లు. పేరు వినబడినవాళ్లు లేచి నిలబడాలి. చదివేది నాయనే. ఆ ఏడు నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. నేను రాసిన పుస్తకం చేతిలో పట్టుకుని ఆయన చదివాడు. "దేవదానం, రూతమ్మ, దానియేలు, సలోమి, యోహాను, ఎస్తేరు." సలోమక్క లేచి నిలబడింది. హమ్మయ్య, రాశానన్నమాట, అనుకున్నాను. ఆ తర్వాత ఏటా అట్లాగే చదివాడు, ఏటా ఆమె నిలబడింది. పుస్తకం తీసి ఒక్కసారి చూస్తే పోయేది. పెట్టె మా ఇంట్లోనే ఉంది, తాళం కూడా లేదు. నేను చూడలేదు. నాకు ఉద్యోగం వచ్చి డోన్ పోయాను, పెళ్లయింది, నాయన పోయాడు. ఆయన తర్వాత చదివిన మనిషి పుస్తకంలో ఉన్నదే చదివాడట. ఆ ఏడు నేను ఊళ్లో లేను. అప్పట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

ఇప్పుడు టైపు చేస్తూ చేస్తూ ఆ పేజీకి వచ్చాను. ముత్యాల్లాంటి నా రాతలో దానియేలు, యోహాను, ఎస్తేరు. మూడే పేర్లు. చూశాను, టైపు చేశాను, పుస్తకం మూసేశాను. మళ్లీ తెరవడానికి చేతులు రాలేదు. మిగతా పేజీలు రెండు వారాలు ఆగాయి.

అప్పుడు సలోమక్క ఫోన్ చేసింది. ఆమెను మా ఊళ్లోనే ఇచ్చారు, భర్త పోయి చాలాకాలం అయింది. కంటాసుపత్రికి కర్నూలు వస్తున్నానని, నా ఇంటికి వస్తానని చెప్పింది. చివర ఒక మాట అడిగింది. "పేర్లు నువ్వే కొడ్తాండావంట గదా సుగుణా. నూరేళ్ల పండక్కి నేను లేసి నిలబడొచ్చునా?" ఆమె గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. బస్సు ఎన్ని గంటలకని అడిగినట్టే అడిగింది. "ఎందుకు నిలబడకూడదక్కా" అన్నాను.

ఆమె వచ్చేలోగా ఎవరికీ తెలియకుండా సరిచేసేద్దామనుకున్నాను. అచ్చు పుస్తకంలో ఉంటే చాలు, పాతది ఎవరు చూస్తారు! ఆమె వచ్చే పొద్దున కంప్యూటరు వేసి, ముందుగా ఆ పేజీకి నంబరు కుడిపక్క గళ్లలో కొట్టి, అది పడకపోతే పైవరస అంకెలతో కొట్టి, యోహాను ముందర ఆరి వెలిగే గీతను నిలిపి, సలోమి, కామా, ఖాళీ కొట్టాను. అంతలో గుమ్మంలో ఆటో ఆగింది. భద్రపరచు అన్నదాన్ని నొక్కి లేచాను. హాయిగా ఉంది నాకు. అయిపోయింది అనుకున్నాను.

ఆమె కూర్చుంది, నీళ్లు తాగింది, కొంగులోంచి చెనిక్కాయల మూట తీసి ఇచ్చింది. కంటిలో శుక్లం ముదిరిందన్నారట. "నా పేరు యాడుండాదో చూపిచ్చు" అంది. కంప్యూటరు ముందర కుర్చీ వేశాను, అక్షరాలు పెద్దవి చేశాను. రూతమ్మత్త పంతం పట్టి బళ్లో వేసింది కాబట్టి ఆమెకు చదువు వచ్చు. తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "దేవదానం. రూతమ్మ. దానియేలు. సలోమి." అక్కడ ఆగింది, ముఖం విప్పారింది. వేలు ముందుకు జరిపింది. "ఎస్తేరు." మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ చదివింది. నా వైపు తిరిగింది.

"యోహాను యాడ మే?"

నేను చూశాను. యోహాను లేడు. సలోమి పక్కన ఎస్తేరు, నడుమ పిసరంత ఖాళీ ఎక్కువ. యోహాను రాయడానికి ఎన్ని మీటలు పడతాయో సలోమి, కామా కలిపి సరిగ్గా అన్నే. ముక్క మిగలకుండా తినేసింది.

"ఇప్పుడే ఉన్నాడక్కా, ఇప్పుడే ఉన్నాడు" అంటూ కంట్రోలు, జెడ్ కొట్టాను. సలోమి పోయింది, యోహాను వచ్చాడు. మళ్లీ సలోమి కొట్టాను. ఆమె కళ్ల ముందరే వాడు ఒక్కో అక్షరంగా పోయాడు. సగంలో తల లేని కొమ్ము ఒకటి ఎవరికీ చెందకుండా వేలాడి, అదీ పోయింది. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పోయిన ఎండాకాలమే యోహాను గుండె ఆగి చనిపోయాడు. నాకు ఆ క్షణం దాకా ఆ సంగతి గుర్తు రాలేదు, నా బుద్ధికి తెగులు పట్టా.

"వాడు పొయ్యి ఏడాది గాలే. ఈడ గూడా తీసేస్తాండావా? నేనొస్తే వాడు పోయేటట్టయితే నా పేరు వద్దు, తీసెయ్" అంది.

"లేదక్కా, ఇది యంత్రం, దీనికేదో అయింది" అన్నాను. ఎస్కేపు కొట్టాను, ఎంటరు కొట్టాను, ఏది దొరికితే అది కొట్టాను. ఖాదరుకు ఫోన్ చేశాను. వాడి దుకాణంలో ఎవరిదో పెళ్లిపత్రిక గోల. "టీచరమ్మా, అంకెలు కుడిపక్క గళ్లలో కొట్టినావా? ఆడ సున్నా కింద సన్నగా ఐ, ఎన్, ఎస్ అని ఉంటాది సూడు. నమ్ లాకు లైటు ఎలగకపోతే సున్నా సున్నా కాదు, అది ఇన్సర్టే" అన్నాడు. చూశాను. ఉంది. ఇన్నేళ్లూ నేను సున్నా అనుకుని కొడుతున్నది అది! పేజీ నంబరులో సున్నా ఒకటి ఉన్న పాపానికి యోహాను పోయాడు. "అయినా ఎందుకంత అగసాట్లు? కొత్త పేరు చివర ఏసెయ్యి, ఎవురూ పోరు" అన్నాడు ఖాదరు.

ఫోను గట్టిగా వినబడేట్టు పెట్టే మాట్లాడుతున్నాను, సలోమక్క విన్నది. "ఆ పిల్లోడు చెప్పింది బాగుండాది. చివర ఏసెయ్యిలే సుగుణా. ఏ మూలుంటే ఏమి?" అంది. నేను పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషి. మా ఇంట్లో ఆ కథ విన్నప్పుడల్లా 'నడుమ రాస్తే పుట్టినట్టు' అన్న దగ్గర ఆమె కళ్లు ఎట్లా మెరిసేవో నాకు తెలుసు. ఆ మనిషి నోటితో చివర వేసెయ్యమంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. ఫోను పెట్టేసి చెప్పేశాను. పుస్తకం ఎత్తిరాసింది నేనని, పేరు వదిలింది నేనని, ఎందుకో ఈనాటికీ తెలియదని, తెలిసీ చూడలేదని. ముక్కు చీదుకుంటూ, వరస లేకుండా, తప్పు చేసి పట్టుబడిన పిల్లలాగా చెప్పాను.

ఆమె అంతా విని, "ఆ పుస్తకం తీ" అంది. గుడ్డ విప్పి ఆ పేజీ తెరిచాను. "నాకు అంత సన్నగా అగుపించదు. దానియేలు పక్కన చూడు. ఏముండాది?" అంది. చూశాను. దానియేలుకూ యోహానుకూ నడుమ, కింద, వెలిసిపోయిన నీలం ఇంకుతో చిన్న హంసపాదు. నేను పెట్టింది కాదు. గీతలో వణుకు ఉంది. పైన ఖాళీ. ఏమీ రాసి లేదు.

"మీ నాయన పెట్టినాడు. ఆ ఏడే మా ఇంటికొచ్చి చెప్పినాడు నాకు. 'సలోమీ, పాప నీ పేరు వదిలేసినాది. నేను రాసేయొచ్చు. రాస్తే దానికి తెలిసేది ఉండదు. గుర్తు పెట్టి పెట్టినా. అదే చూసుకుంటాది, అదే రాస్తాది. అంతదనక నేను నోటితో చదువుతా' అన్నాడు. సరే అన్నా. ఆయప్ప పోయినాక ఎవురూ చదవలే. నేను కూసోనే ఉన్నా."

నాకు నాయన మీద ఒళ్లు మండిపోయింది. ఇదేం పంతం? చెవి మెలేసి, పో, రాయి అంటే రాయనా? నా మీద అంత నమ్మకమా, లేక నన్నట్లా శిక్షించాడా? రెండూ కాకుండా, రేపు చెబుదాం ఎల్లుండి చెబుదాం అనుకుంటూ మరిచేపోయాడా? అడగడానికి మనిషి లేడు. "మరి నువ్వెందుకు చెప్పలేదక్కా, ఇన్నేళ్లు?" అని ఆమె మీద పడ్డాను. "చెప్తే రాసేస్తావు. అట్ల చెప్పి రాపిచ్చుకునేదానికి నేనేమన్నా రేషనుకార్డు అడుగుతాండానా?" అంది. పుస్తకం మీద చెయ్యి వేసి, "యోహాను పోయినాడు. కండ్లు గూడా పోతాండాయి. ఇంక నాకు ఓపిక లేకపోయె" అంది. అప్పుడు గానీ ఆమె ఏడవలేదు.

పెన్ను వెతికాను. ఇంట్లో నీలం ఇంకు పెన్ను లేదు, అన్నీ బాల్ పెన్నులే. ఉన్నదాంతోనే ఆ గుర్తు పైన సలోమి అని రాశాను. నా చెయ్యి కూడా ఇప్పుడు వణుకుతుంది, ఆ గీతకూ ఈ అక్షరాలకూ జత బాగానే కుదిరింది. అచ్చు పుస్తకంలో ఈ పేరు చక్కగా వరసలో కలిసిపోతుంది, వదిలిపోయి చేరిందని ఎవరికీ తెలియదు. అదే మంచిదేమో. నేను చిన్నప్పుడు కోరుకున్న శుభ్రం అదే. కానీ నాయన పుస్తకంలో ఎవరు ఎప్పుడు ఆలస్యంగా వచ్చారో, ఎవరు జరిగారో కనబడేది. ఏది మేలో నాకిప్పటికీ తేల్చుకోవడం చేతకావడం లేదు.

"ఇంక ఆడ గూడా రాయి" అంది సలోమక్క తెర చూపించి. నేను బతుకులో మొదటిసారి కావాలని ఆ ఇన్సర్ట్ మీటను నొక్కాను. కంట్రోలు, జెడ్ కొట్టి యోహానును వెనక్కి తెచ్చి, వాడి ముందర గీతను నిలిపి, ఒక వేలితో, మెల్లగా, స కొట్టాను. ఈసారి యోహాను పోలేదు. కొంచెం పక్కకు కదిలాడు. ల కొట్టాను. ఇంకొంచెం కదిలాడు. వాడి వెనక ఎస్తేరు కూడా కదిలింది. సలోమక్క తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూస్తోంది.

"జరుగుతాండాడు సూడు మే, మా తమ్ముడు" అంది.